సభ పెట్టే ముందు

చి. మాధవికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే అదృష్టం మనిద్దరికీ లేదు కనుక నేరుగా విషయానికి వస్తాను. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (ఎంఈ అని కూడా అనే, విశ్రాంతితో తగ్గని అలసటతో మనిద్దరినీ పడుకోబెట్టిన జబ్బు) ఉన్నవాళ్ళను విజయవాడలో ఒకచోట చేర్చి, దాని మీద జరిగిన పరిశోధనల గురించీ, జనం వేసే నిందల గురించీ తెలుగులో మాట్లాడుకునే సభ పెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో గర్వం తెలుస్తూనే ఉంది. వెనక నుంచి మీ అమ్మ, "పేరు బయటపడితే రేపు సంబంధాలు వస్తాయా వదినా?" అనడం కూడా వినిపించింది. గర్వమూ భయమూ నాకూ ఉన్నాయి. కాకపోతే నా భయం సంబంధాల గురించి కాదు, సభ మరునాటి గురించి.

హాలు రెండో అంతస్తులో ఉందట, లిఫ్టు లేదట. ఎవరి కోసమమ్మా ఆ సభ? మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఆ పూట బాగానే కనిపిస్తారు, నవ్వుతూ ఫోటోలు కూడా దిగుతారు. ఒకటి రెండు రోజులు గడిచాక మంచం మీద నుంచి లేవలేని స్థితి వచ్చినప్పుడు నువ్వు అక్కడ ఉండవు. శ్రమ అయిన వెంటనే కాక ఆలస్యంగా విరుచుకుపడే ఆ నిస్సత్తువే, మనం పీఈఎం (పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్) అని పిలుచుకునేదే, ఈ జబ్బుకు గుర్తు. కనుక కింది అంతస్తు చూసుకో, చాపలూ దిండ్లూ వేయించు, ట్యూబులైట్లు సగం ఆర్పించు, మైకు పెట్టించకు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం అని మీ నాన్న ఏదో అన్నాడు. వాడికి ఒక దణ్ణం పెట్టి మానిపించు. మనవాళ్ళ ఓపికంతా శాలువాలు కప్పేసరికే అయిపోతుంది. గది దాటి రాలేని వాళ్ళు ఫోనులో వినే ఏర్పాటు చెయ్యి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్, క్షయ వంటివి చూపించుకోకుండా ఎవరూ ఈ పేరు తమకు తాము పెట్టుకోకూడదని మొదటే చెప్పు.

ఇక పరిశోధనల మాట. నేను లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి నాకు ఒకే ఒక పిచ్చి ఉంది: ఏ పరిశోధన కాగితం చేతికి వచ్చినా, చివర ఏం తేలిందో చూడకముందే, వాళ్ళు ఎవరిని చూశారో వెతుకుతాను. ఈ ప్రశ్న వేయకపోవడం వల్ల ఎంత అనర్థం జరిగిందో నీ సభలో చెప్పవలసిన కథ ఒకటి ఉంది. మిగతావి మరిచిపోయినా దీన్ని మాత్రం వదలకు.

1955 జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఒక డాక్టరూ ఒక నర్సూ ఏదో అంతుపట్టని జబ్బుతో పడిపోయారు. గొంతునొప్పి, తలనొప్పి, కండరాల నొప్పులు, తల తిరగడం, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం వంటి లక్షణాలు ఒకరి తర్వాత ఒకరిలో కనిపించడంతో, ఆసుపత్రిని అక్టోబరు దాకా మూసివేయవలసి వచ్చింది. చివరికి 292 మంది సిబ్బందికి సోకింది. చిత్రమేమిటంటే అప్పటికే అక్కడ పడకల మీద ఉన్న రోగుల్లో పన్నెండు మందికి మాత్రమే వచ్చింది. లండన్‌లో ఆడవాళ్ళకు వైద్యవిద్య నేర్పడం మొదలుపెట్టిన ఆసుపత్రి అది. జబ్బుపడిన వాళ్ళలో అధికశాతం నర్సులు, వైద్య విద్యార్థినులు, ఆడ డాక్టర్లు. వాళ్ళలో కొందరు ఎన్నటికీ పూర్తిగా కోలుకోలేదు. పదిహేనేళ్ళు గడిచాక, 1970లో, మెక్‌ఎవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు షీట్లు ముందేసుకుని చదివి, ఇదంతా సామూహిక హిస్టీరియా అని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వాళ్ళు చూపిన కారణాల్లో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు ఎక్కువగా రావడం! జ్వరం కొద్దిగా ఉంటే బాధ అంత ఎక్కువగా ఉండటమేమిటన్నది ఇంకో కారణం. ఆ రోగుల్లో ఒక్కరినీ వాళ్ళు పరీక్షించలేదు. వాళ్ళకు స్వయంగా వైద్యం చేసిన మెల్విన్ రామ్సే, ఆసుపత్రిలో రాకముందే ఆ చుట్టుపక్కల ఊరి జనంలో ఇలాంటి కేసులు తాను చూశానని, హిస్టీరియా అయితే వాళ్ళకెలా వచ్చిందని జీవితాంతం వాదించాడు. కానీ జనానికి గుర్తున్నది రామ్సే మాట కాదు, కాగితాలు చదివిన వాళ్ళ మాట. ఇంగ్లండులో నాకు గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జ్వరం వచ్చి తగ్గాక మళ్ళీ లేవలేకపోయినప్పుడు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగిన డాక్టరు బహుశా 1970 నాటి ఆ కాగితం పేరు కూడా విని ఉండడు. అయినా ఆ ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది. మన ఊళ్ళో "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ళ మాటకీ దానికీ పెద్ద తేడా నాకు కనిపించదు.

ఆ తర్వాత నన్ను ఒక క్లినిక్‌కి పంపారు. వారం వారం నడక సమయం కొంచెం కొంచెం పెంచాలని ఒక పట్టిక ఇచ్చారు, దాన్ని ఫ్రిజ్ మీద అతికించుకున్నాం. పార్కులో మీ మామయ్య గడియారం పట్టుకుని నడిచేవారు. కొన్ని వారాలకు దువ్వెన ఎత్తడానికి చెయ్యి లేవలేదు. మీ మామయ్యే జడ వేశారు, ఎంత వంకరగా వేశారో చెప్పలేను. ఆ నడక వైద్యానికి పెద్ద ఆధారంగా చూపించిన పేస్ అనే వైద్య ప్రయోగం 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 641 మందిని తీసుకున్నారు సరే, ఎవరిని? ఆరు నెలలుగా అలసట ఉంటే చాలు, పీఈఎం ఉండి తీరాలన్న నియమం లేదు. పైగా శారీరక సామర్థ్యంలో నూటికి 65 లేదా అంతకు తక్కువ వచ్చినవాళ్ళను జబ్బువాళ్ళుగా చేర్చుకుని, తర్వాత 60 వచ్చినా ఆ కొలత ప్రకారం మామూలు స్థాయే అన్నారు. నా దగ్గర ఏడో తరగతి పిల్ల ఇలాంటి లెక్క చేసి ఉంటే గోడకుర్చీ వేయించి ఉండేదాన్ని. ఆ ప్రయోగం తాలూకు అసలు వివరాలు ఇవ్వమని ఆస్ట్రేలియాకు చెందిన ఒక రోగి పట్టుబట్టగా, 2016లో ట్రిబ్యునల్ ఆదేశంతో, ప్రయోగం చేయించిన యూనివర్సిటీ వాటిని బయటపెట్టింది. మొదట ప్రకటించిన పద్ధతిలో మళ్ళీ లెక్కిస్తే, కోలుకున్నారని లెక్కకట్టిన వాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది. 2021 అక్టోబరులో ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఆ నడక వైద్యాన్ని తన మార్గదర్శకాల నుంచి తీసేసింది. ఆ పోరాటం చేసిన రోగి ఆరోగ్యం మాత్రం దాంతో బాగా క్షీణించింది. నా భయం ఎక్కడ నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమైందా?

నిందించే కాగితాన్నే కాదు, ఆశపెట్టే కాగితాన్ని కూడా ఇలాగే నిలదీయి. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ మనవాళ్ళలో దొరికిందని సైన్స్ పత్రికలో వస్తే, కొందరు హెచ్‌ఐవీ మందులు కూడా మింగారు. తీరా చూస్తే అది ప్రయోగశాలలో జరిగిన కల్తీ, 2011లో పత్రిక ఆ వ్యాసాన్నే వెనక్కు తీసుకుంది. మన దేశంలో చేసిన పని ఏదీ అని ఎవరైనా అడిగితే గోవాలో ఆడవాళ్ళ మీద చేసి 2005లో ప్రచురించిన సర్వేని చూపిస్తారు. దాదాపు 12 శాతం మందికి దీర్ఘకాలపు అలసట ఉందనీ, దానికి పేదరికంతోనూ మనోవేదనతోనూ సంబంధం ఉందనీ అందులో ఉంది. అది మంచి పనే, కానీ అది అలసట గురించిన లెక్క, మన జబ్బు గురించినది కాదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు నీ సభకు తప్పకుండా వస్తారు.

2025 ఆగస్టులో వచ్చిన డీకోడ్ ఎంఈ అనే జన్యు పరిశోధన ఫలితాలు నాకు నచ్చాయి. పీఈఎం ఉందో లేదో ప్రశ్నించి మరీ చేర్చుకున్న 15,579 మంది జన్యువులను పరిశీలిస్తే, మామూలు వాళ్ళతో పోల్చినప్పుడు ఎనిమిది చోట్ల తేడా కనిపించింది. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికీ నరాల వ్యవస్థకూ సంబంధించినవి. జన్యు పరీక్ష కోసం తపాలాలో వచ్చిన గొట్టంలో నేనూ ఉమ్మి నింపి పంపాను. నోరు ఎండిపోయి, అది నిండడానికి చాలాసేపు పట్టింది. అయితే ఆ ప్రధాన విశ్లేషణ ఐరోపా సంతతి వాళ్ళది మాత్రమే, కాబట్టి నా ఉమ్మి ఆ లెక్కలో లేదు. ఈ సంగతి దాచకుండా చెప్పు. అలాగని ఎనిమిది చోట్లు దొరికినంత మాత్రాన రక్తపరీక్షో మందో వచ్చేసినట్టు కాదని కూడా చెప్పు.

నీ పేరు పెట్టుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం, అమ్మకు నేను నచ్చజెబుతాను. కానీ వచ్చినవాళ్ళ పేర్లు మాత్రం వాళ్ళు చెబితే తప్ప ఎక్కడా రాయకు, ఫోటోలు తీయనివ్వకు. బద్ధకమనీ పనిదొంగ అనీ అనిపించుకున్నవాళ్ళకు ముందు మాట్లాడే అవకాశం ఇవ్వు, కాగితాలు తర్వాత. నువ్వు మాట్లాడేది పావుగంటకు మించకూడదు, అదీ పడుకునే. సభకు ముందు మూడు రోజులు, తర్వాత వారం రోజులు ఏ పనీ పెట్టుకోకు. ఈ మాట వినకపోతే మీ నాన్నతో చెప్పి హాలు బుకింగ్ రద్దు చేయిస్తాను, నవ్వకు. నువ్వు చదవబోయేది రాసుకున్నాక నాకు పంపు, అంకెలు సరిచూసి ఇస్తాను. ఇక్కడ మధ్యాహ్నం రెండు దాటాక నేను ఫోను ఎత్తగలను.

అత్తయ్య