‘లీ’ తీసేసి చూడమనండి

అక్కా, పర్లాకిమిడిలో చదివే మీ పాప చివర ‘లీ’ ఉన్న ప్రతి ఇంగ్లీషు మాటనూ క్రియా విశేషణం అనే రాస్తోందన్నారు కదా. టెన్షన్ పడకండి. ముందు ‘లీ’ తీసేసి, మిగిలిన మాట ఏమిటో చూడమనండి. ‘స్లోలీ’లో మిగిలేది ‘స్లో’, విశేషణం. కాబట్టి ‘స్లోలీ’ క్రియా విశేషణమే. ‘ఫ్రెండ్లీ’లో మిగిలేది ‘ఫ్రెండ్’, నామవాచకం. అందుకే ‘ఫ్రెండ్లీ’ విశేషణం. చాలావరకు ఈ లెక్క సరిపోతుంది.

ఇంట్లో తెలుగే కాబట్టి ‘గా’ కూడా పనికొస్తుంది: నెమ్మదిగా నడిచింది, స్లోలీ. అయితే ‘పువ్వు అందంగా ఉంది’ దగ్గర ఆగాలి. మనకు అక్కడా ‘గా’ వస్తుంది, ఇంగ్లీషులో మాత్రం ‘బ్యూటిఫుల్’ అనే విశేషణమే రాయాలి. రాయగడలో నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ‘హార్డ్’, ‘హార్డ్లీ’ మాత్రం విడిగా నేర్పండి. ‘వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడతాడు, ‘హార్డ్లీ వర్క్స్’ అంటే పని దాదాపు చేయడు.