మాటల్లేని జోల

అల్లుడూ,

ఉద్యోగం మానేసి సినిమా సంగీతంలోకి వస్తానంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నీ పియానో నేను విన్నాను కాబట్టి రమ్మనే అంటాను. ఉద్యోగం మాత్రం అప్పుడే వదలకు.

పోలండ్‌లో క్రిస్టోఫ్ కొమెడా అని జాజ్ పియానిస్ట్ ఉండేవాడు. 1931లో పోజ్నాన్‌లో పుట్టాడు. చదివింది వైద్యం, చెవి ముక్కు గొంతు డాక్టరు. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వానికి అప్పట్లో జాజ్ గిట్టేది కాదు. ఆస్పత్రిలో తోటివాళ్లకు తెలియకూడదని వాయించేటప్పుడు కొమెడా అని పేరు మార్చుకున్నాడు. 1956లో సోపోట్ జాజ్ ఉత్సవంలో వాయించాక పేరొచ్చింది, తర్వాత పూర్తిగా సంగీతానికే వచ్చేశాడు.

1962లో పొలాన్‌స్కీ తీసిన 'నైఫ్ ఇన్ ది వాటర్' చూడు. ఉన్నది ముగ్గురు మనుషులు, ఒక తెరచాప పడవ. కొమెడా ఒక సాక్సొఫోన్, చిన్న బృందంతో సరిపెట్టాడు. ఊరుకోవాల్సిన చోట ఊరుకున్నాడు.

అది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్, అంటే సీన్లకి నేపథ్య సంగీతం) చేసినప్పుడు తల్లీకొడుకులు విడిపోయే సీన్‌కి పన్నెండు వయొలిన్లు పెట్టాను. డైరెక్టర్ గారు అన్నీ తీయించేసి, ఆవిడ అన్నం గిన్నె కింద పెట్టిన చప్పుడొక్కటే ఉంచారు. హాల్లో జనం ఆ చప్పుడుకే ఏడ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని సీన్ చేతికి రాగానే కీబోర్డ్ ముందు కూర్చోకు. సౌండ్ తీసేసి ఒకసారి చూడు, డైలాగులతో ఇంకోసారి చూడు. ఆ తర్వాత ఊరికే కూనిరాగం తీయి. నీ నోటికి రాని ట్యూన్‌ని ఎన్ని వాయిద్యాలు పెట్టినా నిలబెట్టలేవు.

1968లో వచ్చిన 'రోజ్‌మేరీస్ బేబీ'కి కూడా సంగీతం కొమెడాదే. దాని మొదట్లో న్యూయార్క్ మేడల మీద టైటిల్స్ పడుతుంటే ఒక జోల వినిపిస్తుంది. మాటల్లేవు, 'లలలా' అంతే. పాడింది గాయని కాదు, కథానాయిక మియా ఫారోనే. ఉయ్యాల ఊపినట్టు మూడు దెబ్బల నడక. పసిబిడ్డకు పాడే పాటలో అంత దిగులు పెట్టినవాణ్ని నేనింకొకణ్ని వినలేదు.

సినిమాలు చేస్తూనే 1965లో 'ఆస్టిగ్మాటిక్' అనే జాజ్ రికార్డు చేశాడు. నీ సాధన కూడా మానకు. లాస్ ఏంజెలెస్‌లో తలకు దెబ్బ తగిలి, 1969లో వార్సాలో పోయాడు. ముప్పై ఎనిమిది కూడా నిండలేదు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆదివారం ఇంటికి రా. ఆ జోలను ఒక్క ఎడమచేత్తోనే వాయించడం నేర్చుకుని రా, వింటాను.

మామయ్య