పిన్నిగారి కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తుంటే

పిన్నిగారు తుంటి ఎముక విరిగి మంచం పట్టారని, రెండు నెలల కుక్కపిల్ల మీ దగ్గరికొచ్చిందని, పాలు పోస్తే విరేచనాలు, రాత్రంతా ఏడుపు అన్నారు కదండీ.

ముందు ఆ పాలు మానేయండి, చాలా కుక్కపిల్లలకు అరగవు. ఆవిడ పెట్టిన తిండే రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. విరేచనంలో రక్తం, వాంతులు, నీరసం కనబడితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టరుకు చూపించండి. పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. టీకా కార్డు ఆవిడ బీరువాలో ఉందేమో వెతికించండి. పార్వో టీకా 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి వేయించాలి. అప్పటిదాకా వీధిలో దింపకండి.

ఏడుపంటారా, వరండాలో కట్టేస్తే ఏడవక ఏం చేస్తుంది! పిన్నిగారు విడిచిన చీర, ఉతక్కుండా, పరిచి మీ మంచం పక్కనే పడుకోబెట్టండి.