మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోతే అది దయ్యమేనా?

"మెలకువ వస్తుంది, చెయ్యి కదపలేను, గదిలో ఎవరో ఉన్నట్టుంటుంది, దయ్యమా?" అని అడిగారు. దయ్యం కాదండీ, షిఫ్టు డ్యూటీలు చెడగొట్టిన నిద్ర. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. నా మటుకు నాకు ఇందులో అనుమానమే లేదు.

అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాణ్ణి. నైట్ షిఫ్ట్ దిగి, టిఫిన్ చేసి, వెల్లకిలా పడుకున్నాను. కాసేపటికి కళ్లు తెరుచుకున్నాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పక్క మంచం మీద రూమ్మేట్ ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు, కామెంటరీ వినపడుతోంది. తలుపు దగ్గర మాత్రం ఎవరో నిలబడ్డారు. వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటే పరుపు దిగింది కూడా! అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఛాతీ మీద బరువు. చివరికి కాలి బొటనవేలు కదిలిందో లేదో, ఒళ్లంతా ఒక్కసారిగా వదిలేసింది. "ఏంట్రా, మూలుగుతున్నావ్?" అన్నాడు వాడు, స్కోరు మీంచి కళ్లు తిప్పకుండా.

కలలు జోరుగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు కండరాలకు తాళం వేస్తుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి కింద పడతాం. ఒక్కోసారి తాళం తీయకముందే మనకు మెలకువ వచ్చేస్తుంది. అప్పటికి కల ఇంకా పూర్తిగా పోదు, అందుకే తలుపు దగ్గర మనిషి. ఊపిరి ఆగదు, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరం పనిచేస్తూనే ఉంటుంది. కానీ పక్కటెముకల కండరాలు సడలిపోయి ఉంటాయి కాబట్టి గట్టిగా గాలి పీల్చబోతే కుదరదు, ఆ బరువు అదే. జపాన్లో దీన్ని కనషిబరి అంటారు, కెనడాలోని న్యూఫౌండ్లాండ్లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. హెన్రీ ఫ్యూసెలీ అనే చిత్రకారుడు 1781లోనే నిద్రపోతున్న అమ్మాయి గుండెల మీద కూర్చున్న పిశాచిని బొమ్మ వేశాడు. అన్ని దేశాలూ తిరగడానికి ఆ దయ్యానికి వీసా ఎవరిచ్చారో!

మా అమ్మ తాయెత్తు కట్టించింది, దిండు కింద చాకు పెట్టమంది. నేను పక్కకు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను, షిఫ్టు మార్పించుకున్నాను. తగ్గిపోయింది. క్రెడిట్ మాత్రం తాయెత్తుకే వెళ్లింది.

పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర వస్తున్నా, నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోతున్నా అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించుకోండి. లేదంటే ముందు మీ రోస్టర్ చూసుకోండి. మా ఆఫీసువాళ్లు వారానికో షిఫ్టు మార్చేవాళ్లు. మళ్లీ వాళ్లే "రోజూ ఒకే టైముకు పడుకోండి" అని మెయిల్ పెట్టేవాళ్లు. అదీ పగలు పదకొండింటికి, నేను నిద్రలో ఉన్నప్పుడు, ఫోన్ టింగుమనేలా.