మీటరు పంపిన అంకెను నమ్మాలా? ఆ ప్రశ్నలోనే ఉద్యోగం ఉంది

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు ఆక్సిజన్ మీటర్లు బిగించేవారి దగ్గర శిక్షణ పొందుతున్నాడు. మీటరు నుంచి వచ్చే డేటాలో తప్పులు పట్టుకునే పని అప్పగించారు. దీనికి భవిష్యత్తు ఉంటుందా? మాన్పించి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చాలా?
- ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మాన్పించకండి. వాడికి మంచి పని దొరికింది.

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని, ఆ వేళ నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరగకపోతే పంట పోతుందని మీకు తెలిసిందే. ఆక్సిజన్ 3.0కి పడిపోయిందని చెప్పడానికి మీటరు చుక్క తీసేసి తీగ మీద 30 పంపిందనుకోండి. బిట్లలో, అంటే 0, 1 గుర్తుల్లో, అది 00011110. పక్కన మోటారు స్టార్టయినప్పుడు రెండు బిట్లు తారుమారైతే 00110110 అవుతుంది, అంటే 54. తెర మీద 5.4 చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. తప్పు పట్టడానికి అదనంగా పంపే పారిటీ బిట్ దీన్ని పట్టుకోలేదు. ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసి సంఖ్యలోనా అన్నదే అది చూస్తుంది. రెండింటిలోనూ ఒకట్లు నాలుగే!

యంత్రాలు, మీటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతుల్లో ఒకటి మాడ్‌బస్. మాడికాన్ సంస్థ 1979లో తెచ్చిన ఇది నేటికీ పరిశ్రమల్లో వాడుకలో ఉంది. దానిలో ఆర్‌టీయూ అనే రకంలో ప్రతి సందేశం చివర రెండు బైట్ల (బైటుకు ఎనిమిది బిట్లు) సీఆర్‌సీ ఉంటుంది. సందేశంలోని బిట్లన్నిటి నుంచి లెక్కకట్టిన తనిఖీ సంఖ్య అది. పై తప్పు దానికి దొరికిపోతుంది. అయితే ఇందులో అడిగితేనే మీటరు అంకె పంపుతుంది. మనం అడిగిన ప్రశ్నే దారిలో చెడితే అది బదులివ్వదు. అప్పుడు పాత అంకెనే తెర మీద ఉంచే ప్రోగ్రాము నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరం. సీఆర్‌సీ సరిపోయినా సెన్సర్‌కు నాచు పడితే అంకె తప్పే. ఇవన్నీ విడదీసి చెప్పగలిగినవాడే పనివాడు.

01 03 00 00 00 01 అనే ఆరు బైట్లకు (హెక్సాడెసిమల్, అంటే పదహారు అంకెల పద్ధతిలో రాసినవి) సీఆర్‌సీని కాగితం మీద కట్టమనండి. 84, 0ఏ రావాలి. తర్వాత అదే లెక్కకు పైథాన్‌లో ప్రోగ్రాము రాయాలి. మీటర్లను కలిపే ఆర్‌ఎస్-485 తీగల లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకు పెడతారో, మోటారు కేబుల్‌కు దూరంగా తీగ ఎందుకు లాగుతారో చేత్తో చేసి తెలుసుకోవాలి. ఇవి రాకముందే వేలకు వేలు పోసి పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) కోర్సులో చేర్చకండి.

ఇది చెరువులతో ఆగే విద్య కాదు. రైస్ మిల్లులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కాకినాడ ఎరువుల కర్మాగారం, కోనసీమ గ్యాస్ కేంద్రాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని, అంటే కొలత పరికరాలను బిగించి సరిచూసే పని, ఉంటుంది. చదువు కొనసాగించాలనుకుంటే డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. శిక్షణలో ఎదురైన ప్రతి లోపాన్నీ, దాని కారణాన్నీ ఇప్పటి నుంచే నోటుబుక్కులో రాసుకోమనండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు దాన్నీ తీసుకెళ్లాలి.