కొత్త పిస్టల్, పాత చేయి

షూటింగ్ సాధన: పాఠకుల ప్రశ్నలకు శిక్షకుడి జవాబులు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. వయసు 26. రెండేళ్లుగా క్లబ్బు వారి పిస్టల్‌తో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. 60 షాట్లకు, అంటే 600 పాయింట్లకు, 545 దాకా వచ్చేది. దాచుకున్న డబ్బుతో రెండు నెలల కిందట సొంతంగా ఒక కొత్త పిస్టల్ కొన్నాను. క్లబ్బు పిస్టల్ కన్నా ఇది ఎంతో మేలైనదని అందరూ అంటున్నారు కానీ, నా స్కోరు మాత్రం 520 దగ్గరే ఆగిపోయింది. నాది కుడిచేతి వాటం. షాట్లు ఎక్కువగా కింద ఎడమ వైపు, 8 పాయింట్ల వలయంలోనో 7లోనో పడుతున్నాయి. వెనుక సైట్ (గురి చూసే గాడి) స్క్రూలు రోజూ తిప్పుతున్నాను. ఒకరోజు కుదురుతుంది, మర్నాడు మళ్లీ మొదటికి వస్తుంది. పిస్టల్‌లో లోపం ఉందంటారా? అమ్మినవారికి తిరిగి పంపించమంటారా?

జవాబు: తిరిగి పంపే ఆలోచనను కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది. లోపం సైట్‌లో ఉంటే షాట్లు రోజూ ఒకే వైపు, ఒకే దూరంలో తప్పాలి. ఒకరోజు కుదిరి మర్నాడు తప్పుతున్నాయంటే రోజురోజుకూ మారుతున్నది పిస్టల్ కాదు, మీరు దాన్ని పట్టుకునే తీరు. అయినా మనసులో అనుమానం పెట్టుకుని సాధన చేయడం కష్టం కనుక ముందుగా దాన్ని తీర్చుకోండి. రేంజ్‌లో బల్ల మీద మడతపెట్టిన దుప్పటినో ఇసుక సంచినో ఉంచి, పిస్టల్‌ను దానిపై ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, నిదానంగా ఐదు పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) కాల్చండి. అవి టార్గెట్‌లో ఎక్కడ పడ్డాయన్నది ఇప్పుడు ముఖ్యం కాదు, ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూడండి. ఐదూ కలిసి ఒకే రంధ్రంలా కనిపిస్తే పిస్టల్ నిర్దోషి. పోటీల కోసం తయారైన పిస్టళ్లలో చాలావాటికి ఫ్యాక్టరీలో కాల్చి చూసిన కార్డును పెట్టెలోనే జతచేస్తారు. మీ పెట్టెలో అది ఉంటే పక్కన పెట్టి పోల్చుకోండి.

ఆ పరీక్ష ముగిశాక వెనుక సైట్ స్క్రూలను మూడు వారాల పాటు ముట్టుకోకండి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. చేయి కుదురుకోకముందే సైట్ తిప్పేవారు నిన్నటి తప్పును ఈరోజు సైట్‌లోకి ఎక్కిస్తారు, అప్పుడు ఈరోజు చేయి సరిగా పనిచేసినా షాట్ మరోవైపుకు పోతుంది. రెండు నెలలుగా మీకు జరుగుతున్నది అదే. మీ చేయి ఇంకా క్లబ్బు పిస్టల్‌నే పట్టుకుని ఉంది. దాని పిడి వాలు, బరువు కూడే చోటు, ట్రిగ్గర్ తెగే (షాట్ వెలువడే) క్షణం రెండేళ్లుగా మీ వేళ్లకు అలవాటైపోయాయి. కొత్త పిస్టల్‌లో ఈ మూడూ వేరుగా ఉంటాయి.

ముందుగా పిడి. కొత్త పిస్టల్‌తో వచ్చే చెక్క పిడిని సగటు చేతిని దృష్టిలో పెట్టుకుని చెక్కుతారు, అది మీ చేతి కోసం చెక్కింది కాదు. ఇది తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఖాళీ పిస్టల్‌తో టార్గెట్ వైపు నిలబడి, కళ్లు మూసుకుని, చేయి ఎత్తి, రెండు శ్వాసల పాటు ఆగి కళ్లు తెరవండి. ముందు సైట్ (బారెల్ మూతి దగ్గరి చిన్న దిమ్మ) వెనుక సైట్ గాడికి మధ్యలో, రెండు పక్కలా సమానమైన వెలుతురుతో కనిపించాలి. అది ఎడమకు జరిగి ఉంటే మణికట్టు వంచి సరిచేయకండి. అలా వంచిన మణికట్టు ట్రిగ్గర్ తెగే క్షణంలో మళ్లీ తన చోటికి వెళ్లిపోతుంది. సరిచేయవలసింది పిడినే. అరచేతికి సుద్దపొడి రాసుకుని పట్టుకుంటే చెక్క ఎక్కడ తగులుతోందో, ఎక్కడ ఖాళీగా ఉందో తెలుస్తుంది. ఎక్కువగా నొక్కుకునే చోట గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీయండి, ఖాళీగా ఉన్న చోట చెక్కపని వారు వాడే పుట్టీ నింపండి. ఒకేరోజు ఎక్కువ అరగదీయవద్దు, ఎందుకంటే పోయిన చెక్క తిరిగి రాదు. అరచేతి అడుగున ఆనే చెక్క భాగాన్ని పైకి వంపు తిరిగేలా మలచడానికి పోటీ నిబంధనలు ఒప్పుకోవు, మణికట్టుకు పిడి ఆసరా కాకూడదు. మార్పు పూర్తయ్యాక కోచ్‌కు చూపించండి.

టార్గెట్ వైపు మీరు నిలబడిన తీరు సరిగ్గా ఉందో లేదో కూడా ఇదే పరీక్షలో తెలుస్తుంది. సైట్లు రెండూ కుదిరి, మొత్తం పిస్టల్ మాత్రం టార్గెట్‌కు పక్కగా చూస్తుంటే భుజంతో లాగకండి, వెనుక పాదాన్ని కొంచెం జరపండి.

ఇక మీ 7లు ఎక్కడి నుంచి వస్తున్నాయో లెక్క కడదాం. మీ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 330 మిల్లీమీటర్లు అనుకోండి. ముందు సైట్ గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరాన ఆ తేడా 30 మిల్లీమీటర్లు అవుతుంది. మన టార్గెట్‌లో ఒక గీతకూ తరువాతి గీతకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లే, కనుక నడిమధ్యన పడవలసిన షాట్ 7కు వెళ్లిపోతుంది. అదే సైట్లు రెండూ సమంగా ఉండి, చేయి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగితే షాట్ కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. 10 వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ వ్యాసం 4.5. పెల్లెట్ అంచు గీతను తాకినా పాయింటు దక్కుతుంది కనుక ఆ షాట్ ఇంకా పదే. చేయి ఊగుతోందని బాధపడేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఊపును మన టార్గెట్ క్షమిస్తుంది, సైట్ల మధ్య తేడాను మాత్రం క్షమించదు.

అందువల్ల కన్ను ముందు సైట్ పైనే ఉండాలి. దాని అంచు పదునుగా కనిపించాలి, టార్గెట్‌లోని నల్లని గుండ్రం మసకగా కనిపించాలి. ఆ గుండ్రం స్పష్టంగా కనిపించిన క్షణంలోనే మీ గురి చెదిరిపోయిందని తెలుసుకోండి. నల్లని గుండ్రం కింద కొంచెం తెల్లని చోటు వదిలి గురిపెట్టే అలవాటు కన్నును ముందు సైట్ దగ్గరే ఉంచడానికి తోడ్పడుతుంది. కొత్త పిస్టల్‌లో సైట్ వెడల్పు, గాడి వెడల్పు క్లబ్బు పిస్టల్‌కు భిన్నంగా ఉండవచ్చు. గాడి మరీ ఇరుకుగా ఉండి పక్కల వెలుతురు సన్నని గీతలా కనిపిస్తుంటే దాన్ని కొంచెం వెడల్పు చేయండి. వెనుక సైట్‌లో మూడు వారాల లోపు చేయదగిన మార్పు ఇదొక్కటే. కళ్లద్దాలు వాడేవారైతే దూరపు చూపు పవర్‌కు అర నుంచి ముప్పావు డయాప్టర్ ప్లస్ కలిపి షూటింగ్ కోసం ప్రత్యేకంగా ఒక అద్దం చేయించుకునే విషయం కంటి వైద్యులతో మాట్లాడండి.

ఇప్పుడు కింద ఎడమ వైపు సంగతి. కుడిచేతి వాటం ఉన్నవారి షాట్లు అక్కడ పడుతున్నాయంటే చాలాసార్లు దానికి కారణం ట్రిగ్గర్‌తో పాటు చేయంతా బిగుసుకోవడమే. చూపుడు వేలు కదలగానే మిగిలిన మూడు వేళ్లూ దానికి సాయం రావాలనుకుంటాయి, బొటనవేలు నొక్కుతుంది, పిస్టల్ మూతి కిందికీ ఎడమకూ వంగుతుంది. నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. మీ కొత్త పిస్టల్‌లో ఆ 500 గ్రాములు మొదటి దశకూ (అడ్డు తగిలేదాకా ట్రిగ్గర్ వెనక్కి కదిలే భాగం) రెండో దశకూ (అక్కడి నుంచి షాట్ తెగేదాకా నొక్కే భాగం) ఎలా పంచి ఉన్నాయో గమనించండి. క్లబ్బు పిస్టల్‌లో మొదటి దశ తేలికగానూ, కొత్తదానిలో బరువుగానూ ఉంటే, రెండో దశ ఎప్పుడు మొదలవుతుందో తెలియక వేలు కంగారు పడుతుంది. పాత పిస్టల్‌కు వీలైనంత దగ్గరగా సర్దించండి, తరువాత కోచ్ దగ్గర బరువు తూకం వేయించండి.

ఈ కంగారును పోగొట్టేది డ్రై ఫైర్ ఒక్కటే. పెల్లెట్ లేకుండా, తెల్లని గోడ ఎదురుగా నిలబడి, టార్గెట్ అనేదే లేకుండా ట్రిగ్గర్ నొక్కుతూ ముందు సైట్ కదిలిందా లేదా అని మాత్రమే చూడాలి. చాలా పిస్టళ్లలో దీనికోసం ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది, గాలి ఖర్చు కాదు. ఇంట్లో మొదలుపెట్టే ముందు పెల్లెట్ లేదని రెండుసార్లు కళ్లతో చూడండి, పెల్లెట్ డబ్బాను వేరే గదిలో ఉంచండి, గోడ అవతల మనుషులు తిరిగే చోటును ఎంచుకోకండి. పిస్టల్ పెట్టెలో ఉన్నంతసేపూ బారెల్ ఖాళీగా ఉందని చూపే రంగు దారం అందులో ఉండాలి. దీనిని నేను ఎంతటి షూటర్‌కైనా చెబుతాను.

మొదటి వారం రోజుకు అరగంట డ్రై ఫైర్ మాత్రమే చేయండి. రెండో వారం టార్గెట్ కార్డును వెనక్కి తిప్పి, ఏ గుర్తూ లేని తెల్లని కార్డుపై పెల్లెట్లు కాల్చండి. పాయింట్లు కనిపించకపోతే మనసు వాటి వెంట పోదు, గ్రూప్ (షాట్లు గుంపుగా పడిన చోటు) చిన్నదవడం మీరే చూస్తారు. మూడో వారం మామూలు టార్గెట్‌కు రండి. ఆ వారం పూర్తయ్యాక 20 షాట్ల గ్రూప్ మధ్యను గుర్తించి, ఆ మధ్య 10కి ఎంత దూరంలో ఉందో చూసి, సైట్‌ను ఒకేసారి తిప్పండి. ఏ వైపు తిప్పితే షాట్ ఎటు జరుగుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది కనుక పిస్టల్‌తో వచ్చిన పుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఒక విషయం మాత్రం ఈరోజు నుంచే మొదలుపెట్టండి. చేయి ఎత్తాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ తెగకపోతే చేయి దించేయండి. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాల సమయం ఉంది, అంటే షాట్‌కు ఒకటింపావు నిమిషం. దించడానికి సమయం ఎప్పుడూ ఉంటుంది. నా దగ్గర శిక్షణ పొందిన ఒక అబ్బాయికి దించడం అంటే ఓడిపోవడంలా అనిపించేది. ఆ భయం పోయాక అతని 7లు దాదాపు మాయమయ్యాయి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. కొత్త ఎయిర్ పిస్టల్‌కు ఖరీదైన పెల్లెట్లు వాడితేనే గురి కుదురుతుందా? సిలిండర్‌లో గాలి తగ్గితే షాట్లు కిందికి పడతాయా?

జవాబు: పెల్లెట్ల విషయంలో తొందర వద్దు. చదునైన ముక్కు గల 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లలోనే తల కొలత 4.49, 4.50 అంటూ రకాలుంటాయి, ఒక్కో బారెల్‌కు ఒక్కోటి నచ్చుతుంది. బల్ల మీద ఆనించి రెండు మూడు రకాలు కాల్చి చూసి, చిన్న గ్రూప్ ఇచ్చినదాన్ని పోటీలకు ఉంచుకోండి, సాధనకు మామూలువి చాలు. స్కోరు 560 దాటేవరకు పెల్లెట్ తేడా మీ చేతి తేడాలో కలిసిపోతుంది. సీసం పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మరువకండి.

గాలి సంగతికి వస్తే, పిస్టల్‌లోని రెగ్యులేటర్ సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతున్నా ఒకే వేగంతో పెల్లెట్‌ను పంపుతుంది. ఒత్తిడి ఒక హద్దు దాటి పడిపోయాక మాత్రం వేగం తగ్గి షాట్లు కిందికి జారుతాయి. ఆ హద్దును గేజ్ మీద గుర్తిస్తారు. సాధారణంగా 200 బార్ (ఒత్తిడి కొలమానం) దాకా నింపుతారు, అంతకు మించి నింపకూడదు. పోటీకి ముందు ప్రతిసారీ నింపుకోండి. సిలిండర్‌పై చెక్కిన తేదీ నుంచి పదేళ్లు దాటితే దాన్ని వాడకండి. టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో పాడై ఆమె విలువైన నిమిషాలు పోగొట్టుకుని, 575తో 12వ స్థానంలో నిలిచి ఫైనల్‌కు దూరమైంది. 2024లో పారిస్‌లో ఆమె అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 221.7తో కాంస్యం గెలిచింది. టోక్యోలో జరిగినట్టు మీకు జరగకూడదంటే, కొత్త పిస్టల్ కొన్నవారు దాని స్క్రూలు, మీటలు, సీళ్లు ఏవి ఎక్కడ ఉంటాయో తెలుసుకుని, వారానికొకసారి బిగువు చూసుకోవాలి.

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయికి 12 ఏళ్లు. దాని పట్టుదల చూసి పిస్టల్ కొనిచ్చాము. ఇరవై షాట్లయ్యేసరికి చేయి వణికిపోతోంది, గురి నిలవడం లేదు, ఏడుస్తోంది. తొందరపడి కొన్నామా?

జవాబు: తొందరేమీ కాదమ్మా, ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో సీనియర్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచినప్పుడు ఆ హైదరాబాద్ అమ్మాయికి 13 ఏళ్లే. అయితే మీ అమ్మాయి భుజానికి ఇప్పుడు సుమారు కిలో బరువు ఎక్కువ. షాట్ల సంఖ్య 20 నుంచి 12కు తగ్గించి, రెండు షాట్ల మధ్య చేయి పూర్తిగా దించి విశ్రాంతి ఇవ్వండి. మొదటి నెలల్లో సగం సాధన పిస్టల్‌ను స్టాండ్‌పై ఆనించి చేయించండి. చేయి అలసట లేకుండా సైట్లు, ట్రిగ్గర్ రెండూ అలవాటవుతాయి. చిన్నవారి కోసం పొట్టి బారెల్, తేలిక పిస్టళ్లు దొరుకుతాయి కానీ కొన్నదాన్ని మార్చవలసిన పనిలేదు. దానికి తగిలించిన అదనపు బరువులు ఉంటే తీసేయండి, పిడి చిన్న కొలతది వేయించండి. చేయి వణకడం మొదలైన తరువాత ఒక్క షాట్ కూడా కాల్చనివ్వకండి, ఎందుకంటే వణుకుతున్న చేతితో ట్రిగ్గర్‌ను లాగేయడం అప్పుడే అలవాటవుతుంది, అది మానిపించడానికి తరువాత నెలలు పడుతుంది. ఆ రోజుకు పిస్టల్‌ను పెట్టెలో పెట్టించి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టించండి.