‘ఏం కావాలన్నా అడగండి’ అన్నవారిని ఏమని అడగాలి?

ప్రశ్న: మా 8 ఏళ్ల బాబుకు గుండె మార్పిడి ఆపరేషన్ జరిగి రెండు నెలలు దాటింది. ఇంటికి వచ్చి ఐదు వారాలవుతోంది. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి వాడి దగ్గరే ఉంటున్నాను. మావారు పనికి వెళ్లక తప్పదు. బాబు పైన 12 ఏళ్ల పాప ఉంది. బంధువులు, స్నేహితులు ‘ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి’ అంటున్నారు గానీ, ఏం అడగాలో నాకు తోచడం లేదు. అడిగితే చులకనవుతామేమోనని ఒక భయం, అడగకపోతే నేనే పడిపోతానేమోనని మరొక భయం. ఎవరిని, ఎంతవరకు అడగవచ్చు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘నేనే పడిపోతానేమో’ అన్న మీ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ భయం మీ చేతకానితనం కాదు. శరీరం కొత్త గుండెను తిరస్కరించే ప్రమాదం మొదటి ఏడాదిలో, అందులోనూ తొలి నెలల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, రక్త పరీక్షలు, గుండెను స్కాన్ చేసి చూసే ఎకోలు, సిర గుండా సన్నని గొట్టాన్ని పంపి గుండె కండరం నుంచి చిన్న ముక్కలు తీసే బయాప్సీలు ఈ కాలంలోనే వెంటవెంటనే వస్తాయి. ఇంత పనిని ఒక్క మనిషి మోయాలని ఏ వైద్యుడూ అనుకోడు.

ఎవరిని అడగాలన్న దానికంటే ముందు, ఏ పనిని పదిమంది చేతుల్లో పెట్టకూడదో తేల్చుకోండి. అది మందుల పని. తిరస్కరణను ఆపడానికి ఎక్కువమంది పిల్లలకు ఇచ్చే టాక్రోలిమస్‌ను సాధారణంగా 12 గంటల తేడాతో రోజుకు రెండుసార్లు వేస్తారు. రక్తంలో దాని మోతాదు తగ్గితే గుండెకు ముప్పు, పెరిగితే కిడ్నీలకు దెబ్బ. దాని మోతాదు చూసే రక్త పరీక్ష రోజున, రక్తం తీసేదాకా ఉదయపు మందు వేయకూడదు. నేనెరిగిన ఒక ఇంట్లో రాత్రి 8 గంటల మందు వేసి తండ్రి పడుకున్నాడు. ఆ సంగతి తెలియని మేనత్త అరగంట తరవాత మళ్లీ మందు సిరంజిలోకి తీసి మంచం దగ్గరికి వచ్చింది. ‘అత్తా, నాన్న ఇచ్చేశాడు’ అని పిల్లవాడే అనబట్టి ఆగింది. మర్నాటి నుంచి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వేలాడింది: తేదీ, వేళ, మందు, ఇచ్చినవారి సంతకం. మీరూ అలాంటి కాగితం పెట్టుకోండి. మందు వేసేవారు మీరిద్దరూ, మీకు జ్వరం వచ్చినప్పుడు ఆదుకునే మరొకరూ, అంతే. ఆ మూడో మనిషికి ఆస్పత్రి నర్సు చేతనే నేర్పించండి. మందు వేసిన కాసేపటికే బాబు కక్కుకుంటే మళ్లీ వేయాలా వద్దా అన్నది సొంతంగా నిర్ణయించకుండా ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. నొప్పికని ఎవరైనా ఐబుప్రోఫెన్ తెచ్చిచ్చినా, వేరే డాక్టరు యాంటీబయాటిక్ రాసినా, అదే నియమం. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటివి టాక్రోలిమస్ మోతాదును అమాంతం పెంచేస్తాయి.

మిగిలిన పనులన్నీ, నిజంగా అన్నీ, ఇతరులకు అప్పగించవచ్చు. కాకపోతే అడిగే తీరు మార్చండి. ‘కాస్త సాయంగా ఉండండి’ అంటే మంచి మనసున్నవారికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘మంగళవారం ఉదయం ఆరున్నరకు మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లి మధ్యాహ్నందాకా ఉండగలరా?’ అని అడిగితే, ఎదుటివారు కుదురుతుందనో కుదరదనో చెప్పగలుగుతారు, ఇద్దరికీ మొహమాటం ఉండదు. ‘బాబు ఎలా ఉన్నాడు?’ అన్న ఫోన్లకు జవాబిచ్చే బాధ్యతను మీ తోబుట్టువుల్లో ఒకరికి అప్పగించండి. రోజుకు పదిసార్లు అదే కథ చెప్పడం ఎంత అలసటో అనుభవించినవారికే తెలుసు.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఈ రెండు నెలల్లో ఆమె కూడా ఇంట్లో అలా ఒక్క వాక్యమైపోయి ఉంటుందని నా అనుమానం. వారానికి ఒక పూట బాబును పిన్నికో బాబాయికో అప్పగించి, పాపతో మీరొక్కరే గడపండి. ఇది మీరు అడగవలసిన సాయాల్లో మొదటి వరసలో ఉండాలి.

డబ్బు సాయం అడగడంలో చులకన లేదు. ముందు ఆస్పత్రిలోని సోషల్ వర్కర్‌ను కలిసి, ఏయే దారులున్నాయో తెలుసుకోండి. నలుగురినీ అడగవలసి వస్తే లెక్కంతా ఒకే చోట ఉంచండి. బాబు ఛాతీ మీది మచ్చ ఫొటోలు మాత్రం పంచకండి, అవి పెద్దయ్యాక వాడు చూసుకోవలసినవి.

మీరు అడగలేదు గానీ, చాలామంది తల్లులు లోలోపల మోసే బరువు ఇంకొకటి ఉంది: మా బిడ్డ బతకడానికి మరొక ఇంట్లో బిడ్డ పోయింది కదా అన్నది. ఆ బిడ్డ మరణానికి మీ బాబు కారణం కాదు. ఆ కుటుంబానికి కృతజ్ఞత చెప్పాలనిపిస్తే పేర్లు లేకుండా, ఆస్పత్రి ద్వారా ఉత్తరం పంపే వీలుందేమో అడగండి, తొందరేమీ లేదు. నిద్రలో మానిటర్ మోతలు వినిపించడం, కారణం లేకుండా గుండె జారిపోవడం కొనసాగితే మీకోసం మీరు మానసిక నిపుణులను కలవండి. ఇదే దారిలో రెండు మూడేళ్లు ముందున్న ఒక కుటుంబంతో మాట్లాడించమని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడగండి. ధైర్యం వారి దగ్గర తీసుకోండి, మందుల మోతాదులు మాత్రం పోల్చుకోకండి.

ప్రశ్న: మా మనవరాలికి గుండె మార్చి నాలుగు నెలలైంది. నాకు జలుబు చేసిందని మా అమ్మాయి నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. అంతకు ముందు పిల్ల ఛాతీ మీద చెయ్యి వేస్తే, ఊరికే పడుకున్నా గుండె దడదడలాడుతోంది. నాకు దిగులుగా ఉంది. – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చేస్తున్నది సరైన పనే. 1967లో కేప్‌టౌన్‌లో మొట్టమొదటి గుండె మార్పిడి చేయించుకున్న వ్యక్తి 18 రోజులకే మరణించాడు. ఆయన ప్రాణం తీసింది కొత్త గుండె కాదు, న్యుమోనియా. తిరస్కరణను ఆపే మందులు రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తాయి. ఈనాడు ఈ పిల్లలు దశాబ్దాలు బతుకుతున్నారు గానీ, పెద్దవాళ్ల మామూలు జలుబు ఇప్పటికీ వారికి చిన్న విషయం కాదు. జలుబు పూర్తిగా తగ్గాక, మీ డాక్టరుతో మాట్లాడి ఫ్లూ టీకా వేయించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లండి.

ఆ దడ సంగతి: ఆపరేషన్‌లో గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి కాబట్టి, వేగాన్ని అదుపు చేసే సంకేతం అందక కొత్త గుండె విశ్రాంతిలోనూ కాస్త వేగంగానే కొట్టుకుంటుంది. పరుగెత్తితే నెమ్మదిగా వేగం అందుకుంటుంది, ఆగాక నెమ్మదిగానే దిగుతుంది. అందుకే ఆటకు ముందు కాసేపు నడిపించమంటారు. అయితే, మునుపటికంటే దడ పెరిగినా, ఆయాసం, ముఖం ఉబ్బడం, తిండి సయించకపోవడం, ఎన్నడూ లేని నీరసం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయమనండి. ఈలోగా రాత్రిపూట ఫోన్‌లో కథ చెప్పండి. ఆ కాస్సేపు మీ అమ్మాయి కూడా పక్కనే నడుం వాల్చుకుంటుంది.